గోలకొండకు పడమట

1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్‌షా, గోలకొండ కోటలోని జనసమ్మర్దమును నీటి యెద్దడిని ఇక సహింపరాదని తలంచి, కోటకు తూర్పుగా మూసీనది దక్షిణపుటొడ్డున చార్మినారు నెత్తించి, దానికి నాలుగు దిక్కులను రాజవీథులు తీర్పించిన నాటినుండి హైదరాబాదు నగరమునకు గోలకొండ వెనుకటి దిక్కైపోయినది. నగరము పెరిగినదంతయు తూర్పునకును ఉత్తరమునకునే గాని, కోటను దాటి పడమటికి పోవలెనన్న తలంపు నాలుగు శతాబ్దములపాటు ఎవరికిని కలుగలేదు. కలుగకపోవుటకు కారణము లేకపోలేదు. కోటకు పడమటను వాయవ్యమునను ఉన్న మాదాపూరు, కొండాపూరు, రాయదుర్గము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, ఖాజాగూడ గ్రామముల నేల నాగటికి లొంగునది కాదు. ఎవరో తీరికగా ఒకదానిపై నొకటి పేర్చి పోయినట్లుండు గ్రానైటు గుండ్లు, వాని సందులలో సీతాఫలపు పొదలు, గొఱ్ఱెలు మేయు కంచలు, వానకాలమున నిండి వేసవికి నెఱ్ఱెలు వాఱు కుంటలు, ఇంతియే అక్కడి ఐశ్వర్యము. ఆ గుండ్ల వయస్సు ఇన్నూటయేబది కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అట్టి నేలపై 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి, పది అంతస్తుల వలయాకార భవనమగు సైబర్ టవర్సును ప్రారంభించిరి. నాలుగువందల ఏడేండ్ల క్రిందట కోటను వీడి వచ్చిన నగరము వెనుకకు మఱలి, ఆ కోటనే దాటుకొని, రాళ్లలోనికి నడువసాగినది.

ఇట్లేర్పడిన పట్టణమునకు హైటెక్ సిటీ అనియు, కొంత విశాలముగా సైబరాబాదు అనియు పేళ్లు వచ్చినవి. 2001లో దీనికొక ప్రత్యేక అభివృద్ధి సంస్థ, 2003లో ప్రత్యేక పోలీసు కమిషనరేటు ఏర్పడినవి. 2007లో శేరిలింగంపల్లి పురపాలకసంఘముతో సహా ఇరుగుపొరుగు మునిసిపాలిటీలన్నియు మహానగరపాలక సంస్థలో కలిసిపోయినవి. కాగితముపై కలిసినంత మాత్రమున ఊళ్లు ఒకటి యగునా? కొత్తగూడ కూడలికి దాపున కాపురమున్న మమ్ములను చూడవచ్చు పాతబస్తీ మిత్రులును, సికింద్రాబాదు చుట్టములును కాఫీ గ్లాసు క్రింద పెట్టులోపల ఒక మాట అనక మానరు: మీ వైపు వచ్చినచో వేఱొక రాష్ట్రమునకు వచ్చినట్లున్నది సుమా అని. గాజు మేడలను చూపి దీనికి సమాధానము చెప్పిన చెల్లదు. గాజు మేడలు గురుగ్రామమునను కలవు, బెంగుళూరి వైట్‌ఫీల్డునను కలవు. వానిని చూచి ఏ ఊరో చెప్పుట ఎవరి తరము కాదు. ఇచ్చటి మనుష్యుడు ఏ గడియారమును నమ్ముకొని లేచును, ఏ ఊరిని తన ఊరని చెప్పుకొనును అను రెండు ప్రశ్నలతో వెదకినవారికి ఈ భేదము కొంత చిక్కునని నా యభిప్రాయము.

పాతబస్తీని చూడుడు. అచ్చటి కాలమానము చంద్రునిది. రంజాను నెలవంక కనబడిననాటినుండి పత్తర్‌గట్టిలోను మదీనా కూడలిలోను పగటి అంగడి రాత్రికి మాఱును. తెల్లవాఱుజామున సహరీ ముగియువఱకు దీపములాఱవు. మొహర్రము పదవనాడు దబీర్‌పురాలోని బీబీకా అలావా నుండి ఏనుగుపై బీబీకా అలము వెడలును. ఆషాఢమాసపు ఆదివారమున లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారికి బోనములు లేచును. చంద్రుడొక్కడే, ఆతనిని చూచి మసీదు వారు తమ పండుగను, గుడి వారు తమ పండుగను లెక్క కట్టుకొందురు. అక్కడ క్రొత్తవానిని ఏ ఊరని అడుగరు, ఏ మొహల్లా అని అడుగుదురు. తాత ఏ గల్లీలో పుట్టెనో మనుమడు ఆ గల్లీ పేరే చెప్పును.

సికింద్రాబాదు తీరు మఱొకటి. 1798 నాటి సంధి ననుసరించి నిజాము రాజ్యమున నిలిచిన ఇంగ్లీషు పటాలము హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున డేరాలు వేసికొనగా, 1806లో నిజాము సికందర్ జా పేరిట ఆ దండు ఊరైనది. దండు వెంట వచ్చిన తమిళ మొదలియార్లు, పార్సీలు, ఆంగ్లో-ఇండియనులు అక్కడనే స్థిరపడిరి. ఆ ఊరు మొదట బ్యూగులుకును, 1874 తరువాత రైలు కూతకును మేల్కొనుట నేర్చినది. నేటికిని సికింద్రాబాదు పెద్దమనిషి సాయంకాలపు నడకకు బయలుదేఱు వేళను చూచి గడియారము సరిచేసికొనవచ్చును. ఈ రెండు ఊళ్ల పాలక సంస్థలు 1960లో ఒక్కటియైనను, జంటనగరములన్న మాట అరువది యేండ్లు దాటియు పోకుండుటకు ఇదియే హేతువు.

మా వైపు చరిత్ర రాజులది గాని దండులది గాని కాదు, దస్తావేజులది. రెవిన్యూ రికార్డులు తిరుగవేసిన వారికి రాయదుర్గము ఒక గ్రామముగా కనబడదు. రాయదుర్గం పాయెగా, రాయదుర్గం నౌఖాల్సా, రాయదుర్గం పన్‌మక్తా అని ముక్కలుగా కనబడును. మణికొండ జాగీరు వేఱు, మణికొండ ఖాల్సా వేఱు. నిజాము కొఱకు సైన్యమును పోషించు పాయెగా అమీరులకు కొంత, జాగీరుదార్లకు కొంత, సర్కారు ఖజానాకు నేరుగా శిస్తు చేరు ఖాల్సా కొంత అని పంచియుంచిన నేల యిది. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసి, మఱుసటి యేడు జాగీర్లు రద్దు కాగా, ఎవరును దున్నని ఈ రాతి నేలలో పెద్ద భాగము సర్కారుదై నిలిచినది. మంచి నల్లరేగడి యైయున్నచో రైతులు పట్టాలు చేయించుకొని యుందురు, అన్నదమ్ములు పంచుకొని యుందురు, గట్ల తగవులు కోర్టుల కెక్కి యుండును. రాళ్లగుట్టను ఎవరు పంచుకొందురు? పంచుకొనకపోవుటచేతనే ఒక్కొక్కచోట వందల యెకరములు ముక్క చెక్కలు గాక మిగిలినవి. 1990 దశకమున నాటి ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ, ఎల్ అండ్ టి సంస్థతో కలిసి స్థలము వెదకినపుడు ఆ పనికిమాలిన నేలయే పనికివచ్చినది. తగవులు బొత్తిగా లేవనరాదు. మణికొండలోని 1,654 ఎకరములు హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన వక్ఫు భూమియా, ప్రభుత్వ భూమియా అను వ్యాజ్యము ఏండ్ల తరబడి నడిచి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వ పక్షమున తీర్పు చెప్పుటతో గాని ముగియలేదు. ఆ హుస్సేన్ షా వలీ ఎవరనుకొన్నారు? ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేన్‌సాగరము నిర్మాణమును నడిపించిన మహనీయుడు. ఇంజనీర్లతో నిండిన ఈ పట్టణమునకు, అందఱికంటె ముందుగా వచ్చి విశ్రమించినవాడును ఇంజనీరే యగుట నాకు ముచ్చటగా తోచును.

దుర్గం చెఱువు సంగతియు నిట్టిదే. గుట్టల నడుమ దాగిన ఈ చెఱువునుండి ఒకప్పుడు గోలకొండ కోటకు మంచినీరు పోయెడిది. అనగా కోట త్రాగిన నీరు మా ఊరిదే యన్నమాట. ఇప్పుడు దానిపై 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన తీగల వంతెన యున్నది; రాత్రులందు దాని తీగలు రంగులు మార్చుకొనుచుండగా, జూబిలీహిల్సు వైపునుండి వచ్చు వారు కార్లాపి ఫొటోలు దిగుచుందురు, వెనుకనున్న వారు హారనులు మ్రోగించుచుందురు.

సైబర్ టవర్సుకు ముందు ఈ దిక్కున జనమే లేరనుట పొరపాటు. 1960 దశకమున రామచంద్రాపురమున వెలసిన బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము దేశము నలుమూలలనుండి కుటుంబములను తెచ్చి లింగంపల్లి చెంత దించినది. 1974లో, ఆఱు సూత్రముల పథకము పుణ్యమా యని, కేంద్రీయ విశ్వవిద్యాలయము పుట్టి, అబిడ్సులోని సరోజినీ నాయుడు గృహమగు గోల్డెన్ త్రెషోల్డులో తొలుత కాలూని, పిదప గచ్చిబౌలిలోని సుమారు 2,300 ఎకరముల రాతి వనములోనికి తరలినది. నగరమునకు దూరముగా, చెట్ల నడుమ, అన్ని ప్రాంతముల వారును హాస్టళ్లలో కలిసి బ్రతుకు పద్ధతికి ఈ నేలపై తొలి అభ్యాసము చేసినవారు ఆ విద్యార్థులే. తరువాతి కథ అందఱు నెఱిగినదే గనుక త్వరగా చెప్పెదను. 1998లో ట్రిపుల్ ఐటీ, మైక్రోసాఫ్టు అభివృద్ధి కేంద్రము, 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ రాక, 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైలు, 2019లో మెట్రో, ఆ యేడే నానక్‌రాంగూడలో అమెజాను వారి మహాభవనము. ఇవి రాజకీయ సభలలో వినవలసిన పట్టికలు. ఊరి స్వభావము వీనియందు దొరకదు.

దొరకునది రాత్రి తొమ్మిది గంటలకు. ఇతరులు భోజనము చేసి టీవీ ముందు కూర్చుండు ఆ సమయమున మా అపార్టుమెంటులో సగము ఇండ్లందు తలుపులు వేసి యుండును, లోపలనుండి ఇంగ్లీషున మాటలు వినబడుచుండును. న్యూయార్కులో అప్పుడు ఉదయము, ఆఫీసులలో పని సాగుచుండును. మార్చి రెండవ ఆదివారమున అమెరికావారు తమ గడియారములను ఒక గంట ముందునకు త్రిప్పుకొందురు, నవంబరు మొదటి ఆదివారమున వెనుకకు త్రిప్పుకొందురు. జన్మలో మంచు చూడని మా కొండాపూరు గృహిణి ఆ రెండు సోమవారములును పిల్లల భోజనవేళను, పనిమనిషి వచ్చు వేళను, కుక్కరు పెట్టు వేళను తదనుగుణముగా మార్చుకొనును. నవంబరు నాలుగవ గురువారము అమెరికావారి థాంక్స్‌గివింగు పండుగ. ఆ వారమున ఇచ్చటి రోడ్లు కొంత ఊపిరి పీల్చుకొనును, క్యాంటీనులలో వరుసలు తగ్గును. ఆ పండుగ ఎందుకో ఎవరికిని తెలియదు, కాని అది వచ్చునని అందఱికిని తెలియును. అర్ధరాత్రి దాటిన పిమ్మట క్యాబులు బయలుదేఱును. ఆడపిల్ల చివర దిగవలసి వచ్చినచో వెంట సెక్యూరిటీ మనిషి యుండవలెనన్నది నియమము. ఆ వేళకు కూడలులలో ఇడ్లీ బండ్లు, టీ డబ్బాలు, దోసెల పెనములు సిద్ధముగా నుండును. తెల్లవాఱుజామున ఒకే బండి దగ్గఱ ఒకడు రాత్రి భోజనముగాను, పక్కవాడు ఉదయపు టిఫినుగాను అదే ఇడ్లీని తినుచుండుట ఇక్కడ వింత కాదు. పాతబస్తీలోను రాత్రి మేల్కొందురు. కాని అది తమ పండుగ కొఱకు తమ చంద్రుని చూచి మేల్కొనుట. ఇక్కడి జాగరణ పరుల పగటి కొఱకు.

ఇక ఊరి మాట. ఇక్కడ ఇద్దఱు క్రొత్తగా కలిసినచో మొదటి ప్రశ్న, మీదేవూరండీ? అని. రెండవ ప్రశ్న, ఏ కంపెనీ? అని. మొదటి ప్రశ్నకు మాదాపూరని గాని కొండాపూరని గాని ఎవరును చెప్పరు; పాలకొల్లు అందురు, జగిత్యాల అందురు, ప్రొద్దుటూరు అందురు. ఇరువది యేండ్ల క్రిందట ఇక్కడ ఫ్లాటు కొని, బాకీ తీర్చి, పిల్లలను పెంచినవారును అట్లే అందురు. ఇది చూచి కొందఱు పెద్దలు సైబరాబాదునకు సంస్కృతియే లేదు, అదొక సత్రమని తీర్మానించిరి. సత్రమునకును ఒక సంస్కృతి యుండునని వారు మఱచిరి.

ఆ సంస్కృతి మాదాపూరు అయ్యప్ప సొసైటీ సందులలో పుట్టినది. అమీర్‌పేటలోని మైత్రీవనము చుట్టుపట్ల కోచింగు కేంద్రములలో కోర్సు నేర్చుచు ఎస్.ఆర్. నగరు హాస్టలులో తలదాచుకొన్న కుఱ్ఱవాడు, ఉద్యోగము రాగానే పెట్టె సర్దుకొని ఈ సందులలోనికి వచ్చును. అయిదంతస్తుల మేడ; మెట్ల ప్రక్కన చెప్పుల గుట్ట; గదికి మూడు మంచములు, మూడు ఇనుప బీరువాలు, ఒక కిటికీ, దానికి ఆరవేసిన తువ్వాళ్లు; గోడకు టూ షేరింగు, త్రీ షేరింగు ధరల బోర్డు. క్రింద కఱ్ఱీ పాయింటు. దాని యజమానురాలు గరిటెతో పప్పును పలుచని కవరులోనికి వంచి, నోరు మెలిపెట్టి, వ్రేలితో ఒక్క చుట్టు చుట్టి ముడివేయు వేగమును చూచి తీరవలెను. వేడికి కవరు ఉబ్బి బంతియగును, చుక్క కారదు. ఆ బల్లపై గోంగూర పప్పు ప్రక్కన పచ్చిపులుసు ఉండును, దొండకాయ వేపుడు ప్రక్కన నాటుకోడి పులుసు ఉండును. వరంగల్లు పిల్లవాడు గుంటూరు గోంగూరకు అలవాటుపడుటయు, కాకినాడ పిల్లవాడు పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగదనుటయు ఈ బల్ల దగ్గఱనే జరిగినవి.

ఇంకను చిత్రము స్వగృహ దుకాణములది. ఒకే అరలో తెలంగాణపు సకినాలు, ఆత్రేయపురపు పూతరేకులు, తాపేశ్వరపు కాజాలు. వాని ప్రక్కనే తూకపు యంత్రము, అట్టపెట్టెలు, అంటు టేపు, అమెరికాకు ఊరగాయలు కొరియరు చేయబడును అను బోర్డు. తల్లి పట్టిన ఆవకాయ పల్లెనుండి బస్సులో ఇచ్చటికి వచ్చి, ఇచ్చట మఱల కవరులో భద్రముగా చుట్టబడి, కిలోల లెక్కన డాలసునకు పోవును. పాతబస్తీలో వీథిభాష దక్కనీ ఉర్దూ. సికింద్రాబాదులో తమిళము, ఇంగ్లీషు, మార్వాడీ కలిసిన కలగూరగంప. బోర్డులన్నియు ఇంగ్లీషులో నున్న మా పట్టణమున మాత్రము, మెట్లమీదను లిఫ్టులలోను మూడు ప్రాంతముల తెలుగులు ఒకదానినొకటి ఒరసికొని తిరుగుచున్నవి. 1956లో ఒక్క రాష్ట్రమై, 2014లో రెండు రాష్ట్రములై విడిపోయిన తెలుగువారు, ప్రభుత్వములు చెప్పకయే ఒకే గదిలో మూడు మంచములు వేసికొని పడుకొన్న చోటిది. తగవులు లేవని కాదు. తెలంగాణ ఉద్యమకాలమున ఆ గదులలో రాత్రులు తెల్లవాఱినవి, స్నేహములు చెడినవి, కొన్ని మఱల అతికినవి. ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకొనుట నేటికిని కలదు. అయినను వెక్కిరించుటకైనను పక్కన ఉండవలెను గదా.

మఱి ఇక్కడనే పుట్టినవా రేరి? ఉన్నారు. ఆ అయిదంతస్తుల మేడల యజమానులు పెక్కుమంది వారే. గొఱ్ఱెలు కాచిన తాతలు, కూరగాయల బండి కట్టిన తండ్రులు గలవారు, నేలలో కొంత అమ్మి, మిగిలిన రెండువందల గజములలో హాస్టలు కట్టి, పై అంతస్తున తాము కాపురముండి, క్రింది అంతస్తుల అద్దెలు వసూలు చేసికొనుచున్నారు. నేలను మంచి కాలమున అమ్మినవారు కలరు. ముందుగా అమ్మి, తరువాత ఆ నేలపై లేచిన భవనమునకే కాపలాదారులుగా కుదిరినవారును కలరు. వారి పోచమ్మ, మైసమ్మ గుళ్లు మాత్రము ఎవరును కదల్పలేదు. మెట్రో స్తంభముల నీడలోను, గాజు మేడల ప్రహరీలకు ఆనుకొనియు, పసుపు కుంకుమలతో అట్లే యున్నవి. ఆషాఢములో ఒక ఆదివారమున మా సందులో చూచినది చెప్పెదను. హాస్టలు యజమాని తల్లి, పసుపు పూసి వేపమండలు కట్టిన బోనపు కుండను దీపముతో సహా తలపై నెత్తుకొని మెట్లు దిగినది, డప్పులు లేచినవి, పై అంతస్తులనుండి పిల్లలు సెల్‌ఫోనులు చాచిరి. గోదావరి జిల్లానుండి వచ్చిన యొక అమ్మాయి చెంబుతో నీళ్లు పట్టుకొని గుమ్మములో వెనుకముందులాడుచుండగా ముసలమ్మ నిలిచినది.

“నేను పోయచ్చా, మామ్మగారూ?”

“పొయ్యి బిడ్డా, పాదాల మీద పొయ్యి. మా అమ్మోరు నీకు గూడ అమ్మోరే.”

ఆమె పోసినది. ఆ రాత్రికే అదే ముసలమ్మ కొడుకు అద్దె ఆలస్యమైనదని అదే పిల్లతో వాదించుట కూడ నేను వింటిని. ఊరిలోని బంధుత్వములన్నియు ఇట్లే యుండును.

ఈ పట్టణపు దేవుళ్ల లెక్కయు వేఱే. గండిపేట దాటిన చిల్కూరులో బాలాజీకి మొదట పదునొకండు ప్రదక్షిణములు చేసి కోరిక చెప్పుకొందురు, నెఱవేఱిన పిదప వచ్చి నూటయెనిమిది చేయుదురు. కోరిక తఱచుగా వీసా యగుటచే స్వామికి వీసా బాలాజీ అనియు పేరు వచ్చినది. ఆ గుడిలో హుండీ లేదు. ఆదివారము ఉదయమున లెక్క తప్పకుండుటకై అచ్చు వేసిన కాగితముపై గడులు కొట్టుకొనుచు తిరుగు యువకులను చూచినచో, సోమవారమున వారు చేయు పనియు ఇంచుమించు అదియేగదా అనిపించును.

ఊరు మఱొకచోట నున్నదన్న సత్యము 2020 మార్చిలో నగ్నముగా బయటపడినది. లాక్‌డౌను ప్రకటింపగానే హాస్టళ్లు ఖాళీ చేయుమన్నవి, మెస్సులు పొయ్యిలార్పినవి, పిల్లలు బ్యాగులు వీపున వేసికొని పోలీసుస్టేషనుల ముందు అనుమతి పత్రముల కొఱకు బారులు తీఱిరి. పత్రములు సంపాదించి బయలుదేఱినవారు రాష్ట్రపు సరిహద్దున, జగ్గయ్యపేటకు దాపుననున్న గరికపాడు చెక్‌పోస్టు వద్ద, రాత్రి యంతయు నిలువవలసి వచ్చినది. వీరికంటె దుర్గతి పాలైనవారు, ఈ మేడలను కట్టిన ఒడియా, బీహారీ, ఝార్ఖండు కూలీలు. వారి రేకుల షెడ్లు మేడ పూర్తి కాగానే మాయమగును గనుక చరిత్రలో వారికి చోటుండదు. కాని ఒక్క తేదీ మిగిలినది: 2020 మే 1న దేశమున మొట్టమొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు కదలినది మా లింగంపల్లి స్టేషనునుండియే. కందిలోని ఐ.ఐ.టి. నిర్మాణపు పనివారిని సుమారు పన్నెండువందల మందిని ఎక్కించుకొని అది ఝార్ఖండులోని హటియాకు పోయినది. సైబర్ టవర్సు ప్రారంభోత్సవపు తేదీ చెప్పుకొను వారు ఈ తేదీని కూడ గుర్తుంచుకొనవలెను.

తమది కాని ఊరి కొఱకు ఎవరును పోరాడరని యొక అపవాదు ఈ పట్టణముపై నుండెడిది. రాళ్ల విషయమున అది కొంత తగ్గినది. గుండ్లను పేల్చి కంకరగా మార్చుచున్న కాలమున, 1996లోనే, వానిని కాపాడుటకొక సంఘము నగరమున పుట్టినది. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని నాలుగువందల యెకరములలో బుల్‌డోజరులు దిగినపుడు విశ్వవిద్యాలయపు విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిలు 3న సుప్రీంకోర్టు పనులను ఆపించినది. విద్యార్థులలో అధికసంఖ్యాకులు ఈ ఊరివారు కారు, రెండేండ్లుండి పోవువారు. నెమళ్ల కొఱకు, జింకల కొఱకు లాఠీల కెదురునిలిచినది అట్టివారే యగుట గమనింపదగినది. మఱొకవైపు, 2023 ఆగస్టులో కోకాపేట వేలములో ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికినది. నాగలికి లొంగని నేల యని తాతలు మేకలకు విడిచిన చోటు అది.

ఇటీవల ఒక క్రొత్త జనము ఈ పట్టణమున చేరుచున్నది. మనుమలను చూచుకొనుటకు వచ్చి తిరిగి పోలేకపోయిన తాతయ్యలు, నాయనమ్మలు. నల్లగండ్లలోను తెల్లాపూరులోను గేటెడ్ కాలనీల నడకబాటపై, ఉదయమున, తెనాలి మాస్టరుగారు, ఆర్మూరు పసుపు రైతు, కడప తహసీల్దారుగారు ఒకే బెంచీపై కూర్చుండి మోకాళ్ల నొప్పులను గూర్చియు నదీజలములను గూర్చియు వాదించుకొందురు. భాగవత సప్తాహములు, అన్నమయ్య కీర్తనల తరగతులు, చిన్న తెలుగు గ్రంథాలయములు కాలనీలలో వీరి పూనికవలననే వెలసినవి. వీరి కోడండ్రు తమ పిల్లలను వీరి యొడిలోనే తెలుగు నేర్వ విడిచిరి. పెండ్లి శుభలేఖలలో నేటికిని పైన పూర్వీకుల గ్రామము, క్రింద ఫ్లాటు నంబరు అచ్చగుచున్నవి.

సంక్రాంతికి మాత్రము ఈ పట్టణము నేటికిని ఖాళీ యగును. భోగికి రెండు దినములు ముందు విజయవాడ రహదారిపై పంతంగి టోలుగేటు వద్ద కార్ల బారులను పత్రికలు ఏటేట ఫొటోలు వేయును. మా సందులో ఆ మూడు నాళ్లు కుక్కలు రోడ్డు నడుమ నిద్రించును. పోలేనివారు శిల్పారామమునకు పోయి గంగిరెద్దులను, హరిదాసులను చూచి వత్తురు. అయితే పల్లెలోని ఇంటికి తాళము పడినవారు, అన్నదమ్ములు అమెరికాలో స్థిరపడినవారు, ఎక్కడికి పోవుదురు? వారు కాలనీలోనే భోగిమంట వేయుదుమని పట్టుబట్టసాగిరి. మా ప్రక్క కాలనీ సంఘమువారు దీనిపై రెండు సమావేశములు జరిపి, పార్కింగు టైల్సు నల్లబడకుండ ఇనుప రేకు పఱచి, దానిపై ఇసుక పోసి, ఉదయము అయిదింటినుండి ఆఱువఱకు మంటకు అనుమతి నిచ్చిరి. పిడకలు ఆన్‌లైనులో తెప్పించిరి. మంట లేవగానే ఒడిశానుండి వచ్చిన కాపలా కుఱ్ఱవాడు ఎఱ్ఱని అగ్నిమాపక సిలిండరును చంకలో నిఱికించుకొని, ఆజ్ఞ ప్రకారము, నాలుగడుగుల దూరమున నిలుచుండెను. తెనాలి మాస్టరుగారు ఆతనిని దగ్గఱకు పిలిచి, చలి కాచుకొమ్మని చెప్పి, ఈ మంటలో పాత సామానులెందుకు వేయుదురో తమకు వచ్చిన హిందీలో వివరింపసాగిరి. ఆ కుఱ్ఱవాడు సిలిండరును క్రింద పెట్టి, తమ ఊరిలో ఇట్టి మంట మాఘ పూర్ణిమనాడు వేయుదురని, దానిలో వంకాయలు కాల్చి తిందురని, అంతకంటె మంచి తెలుగులో జవాబు చెప్పెను.